పైకి తిరిగిన చిల్లు

"నా మొగుడు జైల్లో ఉంటే నీకు నిద్ర బాగా పడుతోందా, లెంపీ?"

కాఫీ కెటిల్ పొయ్యి మీంచి దించుతూ, వెనక్కి తిరగకుండానే ఐలీ రౌతియో అడిగిన మాట అది. డిటెక్టివ్ లెంపీ కెంపైనెన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ముప్పై ఏళ్ళ కిందట రేనో రౌతియో లెంపీనే చేసుకుంటాడని సరస్సు ఒడ్డున ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరూ అనుకున్నారు. లెంపీ తల్లి అయితే పెళ్ళి రొట్టెలోకి యాలకులు కూడా దంచి పెట్టుకుంది. ఆఖరికి అతను ఐలీ చెయ్యి పట్టుకుని చర్చి మెట్లెక్కాడు. లెంపీ పోలీసు ఉద్యోగంలో చేరింది, మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు. ఈ ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగైనా వెళ్ళేది గానీ ఈ కిటికీ వైపు చూసేది కాదు. ఇవాళ ఆ కిటికీ లోపలే కూర్చుంది. పొయ్యి పక్కన ఆరేసిన మగవాడి ఉన్ని మేజోళ్ళు కనబడుతున్నాయి. మడమల దగ్గర ఎంత ఓపికగా అల్లిందో చూశావా అని ఎవరో చెవిలో అన్నట్టయింది.

"నిద్ర సంగతి తర్వాత. శనివారం సాయంత్రం రేనో ఎక్కడున్నాడు?"

"ఆవిరి గదిలో. శనివారం సాయంత్రం మన మగాళ్ళు ఇంకెక్కడుంటారే? నీకు తెలీదా? ఓహో, నీ ఇంట్లో మగాడు లేడు కదూ, మర్చిపోయాను."

"ఎంతసేపు ఉన్నాడు?"

"నాకు అంత వేడి పడదు, నేను ముందు వచ్చేశాను. అతను ఇంకో చెంబుడు నీళ్ళు రాళ్ళ మీద పోసుకుని కూర్చున్నాడు."

"అంటే నువ్వు చూడని సమయం ఉందన్నమాట."

ఐలీ గిర్రున తిరిగింది. "ఉంటే? ఒంటి మీద నూలుపోగు లేకుండా మంచులో బండేసుకుని పోయి, వెర్నర్‌ని గుద్దేసి, మళ్ళీ వచ్చి వీపు రుద్దుకున్నాడంటావా?"

సంగతి అదీ. శనివారం పొద్దుగూకే వేళ, పాత రైలు కట్ట మీద, చక్రాలకి బదులు రబ్బరు పట్టా మీద పరిగెత్తే మంచుబండ్ల దారిలో, నడిచి వెళ్తున్న వెర్నర్ హక్కలాని వెనక నుంచి ఏదో బండి గుద్దింది. ఆదివారం పొద్దున అతను బిగుసుకుపోయి కనబడ్డాడు. పక్కనే మంచులో విరిగిన ముందు బంపర్ ముక్క దొరికింది. దాని మీద చిన్న చేప ముద్ర. అది రేనో ముద్ర.

ఆ సీమలో బంపరంటే అలంకారం కాదు. కంపెనీ వాళ్ళు బండితో ఇచ్చేది చీపురుపుల్లంత ఉంటుంది. నడుంలోతు మంచులో బండి కూరుకుపోతే మనిషి పట్టుకుని లాగేది బంపర్నే. అది ఊడి చేతికొచ్చిందంటే ఆ రాత్రి చలికి ఆ మనిషి మిగలడు. అందుకని కొత్త బండి కొన్నవాడు ముందుగా చేసే పని ఆ పుల్లని పీకి పారేసి, గట్టి గొట్టాలతో అతికిన బంపర్ వేయించుకోవడం. అవి చేసేవాళ్ళు చుట్టుపక్కల ఇద్దరే. వెర్నర్ పేరు దేశమంతా తెలుసు, పత్రికల్లో అతని ఫోటోలు వేశారు. రేనోది పెరటి కొట్టు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే కొట్లో పనిచేశారు. విడిపోయాక ఒకరి పేరు ఒకరు ఎత్తేవాళ్ళు కాదు. చంపేంత కుళ్ళు ఎవరికుందని అడిగితే చిన్నపిల్లలు కూడా రేనో ఇంటి వైపే వేలు చూపిస్తారు.

"రేనో బండికి ముందు బంపర్ లేదు. ఏమైంది?"

"ఎవడో పొరుగు రాష్ట్రం విస్కాన్సిన్ వాడు దారిలో ఆపి బతిమాలాడట. ఊడదీసి ఇచ్చేశానన్నాడు. దర్జీ చొక్కాకి గుండీలుండవు, తెలీదూ?"

"ఎప్పుడు చెప్పాడు ఆ మాట?"

"ఆదివారం పొద్దున. నేను అడిగితే."

"నమ్మావా?"

ఐలీ కప్పులో కాఫీ పోసి లెంపీ ముందుకి తోసింది. కాస్త బల్ల మీద ఒలికింది. "మధ్యాహ్నం రెండింటికి పెద్ద జైలుకి తీసుకుపోతారట. అక్కడికి పోయినవాడు వసంతం దాకా రాడు, అప్పటికీ వస్తాడో రాడో. నీ స్టేషన్లో ఉన్నవాళ్ళకి బంపర్ మొహం తెలీదు, తోక తెలీదు. నీకు తెలుసు. రేనో మొట్టమొదటి బంపర్ చేసినప్పుడు దీపం పట్టుకుని నిలబడ్డది నువ్వేనని అతనే చెప్పాడు." ఆ మాట అనడానికి ఆవిడకెంత కష్టమైందో మొహమే చెప్పింది. "నన్ను తిట్టుకో, శాపనార్థాలు పెట్టుకో. ఆయన్ని మాత్రం ఇంటికి తీసుకురా."

లెంపీ కాఫీ ముట్టుకోకుండా లేచింది. తన గురించి అతను ఈవిడకి ఇంకేం చెప్పాడో అడగాలని నాలిక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

* * *

రైలు కట్ట దగ్గర గార్త్ ట్రెగోనింగ్ ముందే ఉన్నాడు. పోలీసు ట్రక్కు ఇంజను ఆపకుండా, తలుపుకి ఆనుకుని, మాంసం, బంగాళాదుంప కూరి కాల్చిన పేస్టీ తింటున్నాడు. వయసులో లెంపీకంటే పన్నెండేళ్ళు చిన్న. కిందటి శరదృతువులో ప్రధాన డిటెక్టివ్ కుర్చీ ఖాళీ అయినప్పుడు లెంపీ ఆ కుర్చీకి మనసులోనే కొత్త గలీబు కుట్టుకుంది. షెరీఫ్ దాన్ని ఇతనికిచ్చాడు.

"ఈ కేసు నాదని షెరీఫ్ చెప్పాడుగా, లెంపీ."

"దారి అందరిదీ. నడుస్తున్నాను."

"నడువు. అయినా పాత ప్రియుడి కోసం ఈ చలిలో నడవడమంటే మాటలా?" పేస్టీ ముక్క చూపించాడు. "తింటావా? మా అమ్మ చేసింది. అసలైనది. మీ వాళ్ళలా క్యారెట్లు కలిపి పాడుచెయ్యదు."

"మీ అమ్మ పేస్టీతో మేకు కొట్టొచ్చని ఊరంతా అంటారు. ఎక్కడ పడున్నాడు?"

చూపించాడు. తిక్కమనిషే గానీ పని రానివాడు కాదు. నాలుగు మూలలా కర్రలు పాతి, తాడు కట్టి, కొత్త మంచు పడకుండా గుడ్డ కప్పించాడు. లెంపీ గుడ్డ ఎత్తి చూసింది. బండి మలుపు దాటి తిన్నగా వచ్చింది. మనిషి పడ్డ చోటు దాకా పట్టా గుర్తు ఒకే లోతులో ఉంది, ఎక్కడా పక్కకి తప్పుకోలేదు.

"బ్రేకు వెయ్యలేదు," అంది.

"వెయ్యలేదు. గుద్దాలనే వచ్చాడు. వెర్నర్ ఎటు వెళ్తున్నాడో చూడు. ఈ దారి నీ రేనో ఇంటికే పోతుంది. వీళ్ళిద్దరికీ ఏదో గొడవ. వెర్నర్ సుత్తి పట్టుకుని తేల్చుకోడానికి బయల్దేరాడు, రేనో ఎదురెళ్ళాడు."

"ఎదురెళ్తే ముందు నుంచి గుద్దాలి. ఈ బండి వెర్నర్ ఇంటి వైపు నుంచి వచ్చింది."

ట్రెగోనింగ్ నమలడం ఒక్క క్షణం ఆపాడు. "తిరిగొచ్చి గుద్దుంటాడు. బంపర్ మీద చేప ఉంది, అతని బండికి బంపర్ లేదు. కళ్ళు మూసుకున్నా కనబడే సంగతిది. నీకు కనబడటం లేదంటే కారణం నేను చెప్పక్కర్లేదు."

"ఆ ముక్క చూపించు."

"ఎందుకు?"

"కళ్ళు మూసుకుని చూస్తాను."

నవ్వాడు. గెలిచిన వాడికి చూపించుకోవాలనే ఉంటుంది. ట్రక్కు వెనక, చలిలోనే ఉంచిన సంచీ తెచ్చి విప్పాడు. చేతి తొడుగులతో లెంపీ దాన్ని అందుకుంది. నల్ల రంగు గొట్టం, పైవంపు సగానికి విరిగి ఉంది. చేప ముద్ర నిజమైనదే. ఎడమ రెక్క దగ్గర చిన్న నొక్కు ఉంది. ముద్ర అచ్చుకి ఆ నొక్కు పడినప్పుడు తను పక్కనే ఉంది. రేనో తన సొంత తమ్ముడు చేసిన బంపర్ మీద కూడా ఆ ముద్ర వెయ్యనివ్వలేదు. నా చెయ్యి పడని దానికి నా చేప ఎందుకు అన్నాడు.

అతుకు వేలితో తడిమింది. చక్కటి అతుకు, చేప పొలుసుల్లా వరసగా ఉంది. అయినా వేలికి ఏదో తేడా తగిలింది. గొట్టం పక్కగా పొడుగునా చీలి ఉంది. చీలిక పెదాలు బయటికి తిరిగి ఉన్నాయి. దేన్నన్నా గుద్దితే గొట్టం లోపలికి నొక్కుకుపోవాలి కదా. లోపలికి చూసింది. మంచుగడ్డ, గాజులా.

"గొట్టంలో నీళ్ళు చేరి గడ్డకట్టాయి," అంది. "గుద్దకముందే చీలి ఉంది. అందుకే విరిగింది."

"అయితే? నాసిరకం సరుకు. కుళ్ళుబోతు చేసింది ఇంకెలా ఉంటుంది?"

రేనో పనికి ఆ మాట ఎవరన్నా లెంపీకి ఒళ్ళు మండేది. ఇతనన్నందుకు మరీ మండింది. ఏదో అనబోతూ గొట్టాన్ని బండికి ఉండే తీరున తిప్పి పట్టుకుంది. అప్పుడు కనబడింది, పైవంపు నడినెత్తిన బఠాణీ గింజంత చిల్లు.

గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

ప్రతి బంపర్‌కీ ఒక చిల్లు ఉంటుంది. రేనో దాన్ని అడుగున వేస్తాడు, లోపలికి చేరిన నీరు కారిపోవడానికి. మంచులో తిరిగే ఎవడైనా అలాగే వేస్తాడు. నెత్తిన వేసేవాడు నీళ్ళ గురించి ఆలోచించలేదు. మరి దేని గురించి ఆలోచించాడు? రంగు పొడి చల్లి కాల్చే పొయ్యిలో గొట్టాన్ని వేలాడదీసినప్పుడు లోపలి వేడిగాలి పైకి పోవాలి కదా, దాని గురించి. మనిషికి ఏ పని అలవాటో చెయ్యి ఆ పనే చేస్తుంది. ఈ చిల్లు బండి నడిపే చెయ్యి వేసింది కాదు, పొయ్యి దగ్గర బతికే చెయ్యి వేసింది. జిల్లా మొత్తానికి బంపర్లకి రంగు కాల్చే పొయ్యి ఒక్కటే. అది వెర్నర్ భార్య సైమాది. మగవాళ్ళు మాట్లాడుకోకపోయినా ఇద్దరి సరుకూ ఆవిడ పొయ్యిలోంచే బయటికొచ్చేది.

చెప్పాలి. అప్పుడే, అక్కడే ట్రెగోనింగ్‌కి చెప్పి ఉండాల్సింది. కానీ అతను మీసానికంటిన పేస్టీ తుడుచుకుంటూ, "ఏం, కళ్ళు తెరిచావా?" అన్నాడు. ఆ వెటకారానికి లెంపీ నోరు కుట్టేసినట్టయింది. ఇది నాది, దీన్ని కూడా నీ చేతిలో పెట్టనా అనుకుంది.

"ఏం లేదు. గడ్డ కరగకుండా చూడు, అంతే," అని ముక్క తిరిగిచ్చేసింది.

"రెండింటికి సెలవు చెప్పడానికి వస్తావా? చేతిరుమాలు తెచ్చుకో."

లెంపీ అప్పటికే తన మంచుబండి ఎక్కింది.

* * *

సైమా హక్కలా షెడ్డులోనే ఉంది. మొగుణ్ణి ఇంకా పాతిపెట్టలేదు, పొయ్యి మాత్రం వెలుగుతోంది. సన్నటి మనిషి, కనుబొమ్మలు సగం కాలిపోయి ఉంటాయి. ఊరి విందుల్లో ఆవిడ ఏ మూల కూర్చుందో ఎవరికీ గుర్తుండదు. వెర్నర్ ఫోటో తీసేటప్పుడు కొంచెం పక్కకి జరగమ్మా అని అందరూ అనేది ఆవిడనే.

"బల్ల మీద రొట్టె ఉంది, కోసుకో," అంది. "నా చేతులు బాలేవు."

"తర్వాత తింటాను. సైమా, నీ బండి చూడొచ్చా?"

పొయ్యి వెచ్చదనం తగిలే చోట పాత పసుపు బండి నిలబెట్టి ఉంది. దాని మీది మంచు కరిగి బొట్లు బొట్లుగా కారుతోంది. లెంపీ మోకాళ్ళ మీద కూర్చుంది. బండంతా బురద, ఉప్పు మరకలు. బంపర్ బిగించిన బోల్టు తలలు మాత్రం నిన్న తోమినట్టు మెరుస్తున్నాయి. వేలు అడుగుకి పోనిచ్చింది. చిల్లు అడుగునే ఉంది. పక్కన చేప. పట్టుకునే చోట చేతికి చలి తగలకుండా నీలం ఉన్ని దారం చుట్టి ఉంది, ఎంతో ఓపికగా.

రేనో సొంత బంపర్. విస్కాన్సిన్ వాడు లేడు, బతిమాలడమూ లేదు.

"ఆదివారం తెల్లారకముందు రేనో ఇక్కడికొచ్చాడు," లెంపీ లేవకుండానే అంది. "నీ బంపర్ విరిగిపోయిందని తనది ఊడదీసి నీ బండికి బిగించాడు. నీది నువ్వే చేసుకున్నావు. చిల్లు నెత్తిన వేశావు. బండిని రోజూ పొయ్యి పక్కన పెట్టావు, మంచు కరిగి లోపలికి దిగింది, బయటికి తీస్తే గడ్డకట్టింది."

సైమా పొయ్యి తలుపు మూసి కొక్కెం గోడకి ఆనించింది. తర్వాత, "నెత్తిన వెయ్యకూడదా?" అని అడిగింది, వంటలో ఉప్పు తప్పినట్టు. "అది అతను నాకు చెప్పలేదు. అతుకు మాత్రం చూసి మెచ్చుకున్నాడు."

"అతుకు నీదా?"

"నాది కాక! పద్దెనిమిదేళ్ళుగా వెర్నర్ బంపర్లన్నీ ఎవరు అతికారనుకున్నావు? ఆయన గొట్టాలు కోసేవాడు, చిల్లులు పొడిచేవాడు, ఫోటోకి నవ్వేవాడు. అతుకు నాది. ఆ పేరు చూస్తే నాకు కడుపులో నిప్పు రగిలేది. నా మొగుడి పేరు చూసి నాకే కుళ్ళు, విన్నావా ఎక్కడన్నా?" తడి కళ్ళతోనే నవ్వింది. "రేనో ఒకరోజు రంగుకి సరుకు తెచ్చాడు. వెర్నర్ బంపర్ మీద వేలు పెట్టి, 'సైమా, ఇది నీ చెయ్యి కదూ' అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు. నేను పొయ్యి వెనక్కి పోయి ఏడ్చాను."

లెంపీ తల ఎత్తింది. "మరి విరిగినదాని మీద ఆ చేప ముద్ర?"

"అతనే వేశాడు. నీకు ముద్ర లేదుగా, నాది తీసుకో అన్నాడు."

సొంత తమ్ముడికి ఇవ్వని చేప. తను దీపం పట్టుకుని నిలబడ్డ రోజుల్లో, నా పేరు పక్కన కూడా వెయ్యవా అని నవ్వుతూ అడిగితే మాట దాటేసిన చేప. లెంపీ నేల మీద చెయ్యి ఆనించింది. ముప్పై ఏళ్ళు ఐలీ కిటికీ మీద పడి ఏడ్చింది. ఐలీ మేజోళ్ళు, ఐలీ కప్పులు, ఐలీ అదృష్టం అంటూ. ఆ ఇంట్లో కుళ్ళుకోడానికి అసలేమీ లేదు. ఉన్నదంతా ఇక్కడ, ఈ మసి షెడ్డులో ఉంది.

"శనివారం ఏం జరిగింది?"

"వెర్నర్ నా బంపర్ మీద చేపని చూశాడు. సుత్తి తీసుకుని రేనో ఇంటికి బయల్దేరాడు. ఆపుదామనే బండి తీశాను, దేవుడి తోడు. మలుపు తిరిగాక ఆయన వీపు కనబడింది. ఫోటోలో ఉంటుందే, ఆ కోటు." తన కుడి బొటనవేలు చూసుకుంది, బండి వేగం పెంచే వేలు. "అది మీట మీంచి లేవలేదు, లెంపీ. లేపాలనే అనుకున్నాను."

గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. లెంపీ రేడియో తీసింది. "ట్రెగోనింగ్, రేనోని కదిలించకు. అతను కాదు. నేను హక్కలా షెడ్డులో ఉన్నాను."

రేడియో గరగరలాడింది. తర్వాత ట్రెగోనింగ్ గొంతు, ఎప్పుడూ లేనంత హుషారుగా వినిపించింది. "ఆలస్యమైపోయింది తల్లీ. గొట్టంలో మంచుగడ్డ ఉందని లెంపీ కనిపెట్టింది, గడ్డ చుట్టూనే తిరుగుతోంది అని మాటవరసకి అతనితో అన్నాను. మొహం పాలిపోయింది. వెంటనే కలం అడిగాడు. నేనే చంపాను, ఒక్కణ్ణే అని రాసి సంతకం పెట్టేశాడు. ఇదంతా నీ చలవే!"

సైమా రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ చేతుల వెనక ఉన్నది ఏడుపో, మరోటో లెంపీ చూడదలచుకోలేదు. గడ్డ మాట వినగానే లెంపీ చిల్లు దాకా, అక్కడ నుంచి సైమా దాకా వస్తుందని రేనో పసిగట్టాడు. లెంపీ కోసం ఈ భూమ్మీద ఏ మనిషీ ఏ కాగితం మీదా అలా సంతకం పెట్టలేదు. చిల్లు సంగతి కట్ట మీద ట్రెగోనింగ్‌కి చెప్పి ఉంటే ఇక్కడికి ఇద్దరూ వచ్చేవాళ్ళు, రేనోకి కలం అడిగే వ్యవధి ఉండేది కాదు.

"ఎవరి కోసం?"

గొంతు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. ఐలీ. తలకి గుడ్డ కూడా లేదు, జుట్టు నిండా మంచు. మంచులో లెంపీ బండి వేసిన జాడ పట్టుకుని కాలినడకన వచ్చినట్టుంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలీదు.

"రేనో ఎవరి కోసం రాశాడు? చెప్పవేం లెంపీ?"

లెంపీ చెప్పక్కర్లేకపోయింది. ఐలీ కళ్ళు పసుపు బండి మీదకి వెళ్ళి, బంపర్ దగ్గర ఆగిపోయాయి.

"ఆ నీలం దారం నేను చుట్టింది," అంది మెల్లిగా. "చలికి ఆయన వేళ్ళు కొంకర్లు పోతాయని."

పొయ్యి తలుపు లాగే ఇనప కొక్కెం గోడకి ఆనించి ఉంది, చివర మసిబారి. ఐలీ చెయ్యి దాని మీద పడింది. లెంపీ లేచి ఇద్దరికీ మధ్యన నిలబడింది. ఇన్నేళ్ళలో మొదటిసారిగా మనసంతా ఐలీ వైపే ఉంది. వీపు మాత్రం సైమాకి అడ్డం పెట్టక తప్పలేదు. రేనోని ఇంటికి తేగల నోరు ఇప్పుడు సైమాది ఒక్కటే.

"పక్కకి జరుగు, లెంపీ," అంది ఐలీ, కొక్కెం ఎత్తుతూ.